హెప్సిబా కొన్న గాజెల్

అరవై రెండో ఏట రిటైరైన మర్నాడే హెప్సిబా డ్రైవింగ్ స్కూల్లో చేరింది. ముప్పై మూడేళ్లు ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేసింది. అన్నేళ్లూ పటమట నుంచి సిటీ బస్సులో నిలబడే డ్యూటీకి వెళ్లింది.

"ఈ వయసులో ఎందుకండీ మేడం, ఆటోలున్నాయిగా?" అన్నాడు నేర్పేవాడు.

"ఆటో నాది కాదుగా నాయనా," అంది.

కొనాల్సిన కారేదో ఆమెకి ముందే తెలుసు. చిన్నప్పుడు మిషన్ కాంపౌండులో డాక్టరమ్మకి స్టాండర్డ్ గాజెల్ అనే కారు ఉండేది. హెప్సిబా నాన్న అక్కడ తోటమాలి. రోజూ పొద్దున్నే ఆ కారు కడిగేవాడు. ఒకసారి ఆమె వెనక సీట్లోకి ఎక్కితే, డ్రైవరు రెక్క పట్టుకుని కిందకి లాగేశాడు. నాన్న చూస్తూ ఊరుకున్నాడు. ఊరుకోక ఏం చేస్తాడు?

అంబాసిడర్‌కీ ఫియట్‌కీ ఇప్పుడు అభిమానులున్నారు, వాటి ధరలు పింఛనుకి అందవు. గాజెల్ పేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు. ఆరు నెలలు వాకబు చేస్తే ఉయ్యూరులో ఒకటుందని తెలిసింది. వెంకటకృష్ణారావు అనే చెరకు రైతు ట్రాక్టరు షెడ్డులో, ఎరువు సంచుల కింద దొరికింది. డెబ్భై నాలుగు మోడలు.

"ఇది కదలదండీ. రేపు తుక్కువాళ్లొచ్చి పట్టుకుపోతారు," అన్నాడాయన.

"వాళ్లకంటే ఐదువేలు ఎక్కువిస్తాను. రావద్దని ఫోన్ చెయ్యండి."

"మీవాళ్లతో ఒకమాట చెప్పి కొనుక్కోండమ్మా."

"నడిపేది నేనండీ, వాళ్లు కాదు."

ఆయన బీరువాలోంచి ఆర్సీ పుస్తకం తెచ్చిచ్చాడు.

మినీ లారీలో కారుని ఆటోనగర్‌కి తెచ్చింది. మూడు షెడ్లవాళ్లు సామాన్లు దొరకవని తిప్పి పంపేశారు. నాలుగోచోట రాంబాబు అనే ముసలి లేతు పనివాడు కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"దొరక్కపోతే మనమే చేద్దాం. కానీ నెలలు పట్టిద్ది. రోజూ వచ్చి తొందరపెట్టకూడదు."

"రోజూ వస్తాను. తొందరపెట్టను."

అన్నట్టే వచ్చింది. క్యారేజీ తెచ్చుకుని, స్టూలేసుకుని, బోల్టులు కిరసనాయిల్లో కడిగేది. విప్పిన ప్రతి ముక్కకీ వార్డులో సీసాలకి అంటించినట్టు ప్లాస్టరు అంటించి పేరు రాసేది. ఎనిమిది నెలలు పట్టింది. ఫిట్‌నెస్ పరీక్షకి తీసుకెళ్తే బ్రేకులు బాగాలేవని వెనక్కి పంపారు. మళ్లీ విప్పారు. రెండోసారి పాసైంది.

అప్పుడే ఆమె అన్నయ్య ఆమోసు ఇంట్లో పెళ్లి వచ్చింది. ఆమోసు పెద్ద కాంట్రాక్టరు. మనవరాలి పెళ్లి కానూరులో ఏసీ హాల్లో పెట్టాడు. ముందురోజు ఫోన్ చేశాడు.

"హెప్సీ, ఆ డబ్బా వేసుకుని రామాకే. వియ్యాలవారు నవ్విపోతారు. కారు పంపుతా."

"నేనొస్తే నా కార్లోనే వస్తా అన్నయ్యా. వద్దంటే ఇప్పుడే చెప్పు, ఇంట్లో ఉండి ప్రార్థన చేసుకుంటా."

వద్దనలేకపోయాడు.

పెళ్లినాడు గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి వెనక వంటవాళ్ల వ్యాన్ల వైపు చెయ్యి చూపించాడు. హెప్సిబా నేరుగా ముందుకెళ్లి, రెండు పెద్ద బళ్ల మధ్య గాజెల్ ఆపి దిగింది. ఆమోసు గబగబా మెట్లు దిగొచ్చాడు.

"పరువు తీస్తున్నావే! వెనక్కి తియ్యి."

"నాన్న ఇలాంటి కారే కడిగి మన ఫీజులు కట్టాడు. ఇందులో పోయే పరువేముంది?"

మెల్లగా అనలేదు. మెట్ల మీద వియ్యాలవారు విన్నారు. తమ తండ్రి పెద్ద రైతని వాళ్లతో చెప్పుకున్న ఆమోసు ముఖం మాడిపోయింది. హెప్సిబా లోపలికెళ్లి, జంటని దీవించి, కడుపునిండా బిర్యానీ తిని, బయటికొచ్చి స్టార్ట్ చేసింది. మొదటిసారి అందుకోలేదు. చూసేవాళ్లు చూస్తుండగా రెండోసారి తిప్పింది. అందుకుంది.

మూడు నెలలైంది, ఆమోసు మాట్లాడటం లేదు. రాత్రిపూట బాధనిపించినా ఆమె ఫోన్ చెయ్యలేదు. గుడివాడలో ఇంకో గాజెల్ ఉందని రాంబాబు చెబితే, శనివారం తన కార్లోనే వెళ్లి చూసింది. దానికి ఇంజను లేదు. తలుపులు నాలుగూ బాగానే ఉన్నాయి.

"ఇదెందుకు మేడం మీకు?" అన్నాడు అమ్మేవాడు.

"ముందు రేటు చెప్పండి," అంది హెప్సిబా.