ఒక గంట పరుగు కోసం పెట్టిన అర్జీ

ఈ సంగతి చెప్పడం నాకిది మొదటిసారి కాదు. పాతికేళ్ల పైనుంచి చెబుతూనే ఉన్నాను. విన్నవాళ్లలో కొందరు నవ్వారు, కొందరు మాట మార్చారు. మా ఊరి గొడవల గురించి పేపర్లవాళ్లు వచ్చి రాసుకున్నారు. ఎవరిని ఎవరు నరికారు, ఎన్ని బాంబులు దొరికాయి అని అడిగారు. నా బిడ్డ సంగతి చెప్పబోతే పెన్ను జేబులో పెట్టుకున్నారు. అందుకే నేనే రాస్తున్నాను.

జమ్మలమడుగు నుంచి పెద్దముడియం పోయే దారిలో మాది నల్లరేగడి ఊరు. శనగ పండుతుంది. ఊరి నడుమ బడి, బడి ముందు మైదానం. మైదానానికి ఈవల మా వీధి, ఆవల మాకు పగైనవాళ్ల వీధి. నేను ఏ కత్తీ పట్టినవాణ్ణి కాదు. అయినా మా వీధిలో పుట్టినందుకు మా పార్టీ వాణ్ణే. మా వీధి మనిషిని ఒకణ్ణి బస్సు దిగుతుండగా నరికిన రోజు నుంచి పిల్లల్ని గడప దాటనివ్వలేదు. అప్పుడు నా కూతురికి మూడేళ్లు.

రెండేళ్లు ఆ బిడ్డ లోకమంతా నడిమింటికీ వంటింటికీ మధ్యనే. బయటికి పోతానని ఏడ్చేది. ఏడుపు వినబడితే ఇంట్లో మనుషులున్నారని తెలుస్తుందని మా అమ్మకు భయం. ఏడిచినప్పుడల్లా నోట్లో ఏదో ఒకటి పెట్టేది. బొరుగుల ఉండ, బెల్లం అద్దిన శనిక్కాయలు, నెయ్యి పోసిన ఓళిగ. బిడ్డ ఏడవడం మానేసింది. తినడం మానలేదు. చూడవచ్చిన ఆడవాళ్లు బుగ్గలు పుణికి, "ఎంత ముద్దుగా ఉందో, దిష్టి తియ్యండి" అనేవాళ్లు. నేనూ మురిసిపోయాను. ఆ తప్పు నాది, ఒప్పుకుంటాను.

ఐదో ఏట శనగలు వేసుకుని ప్రొద్దుటూరు పోతూ బిడ్డను లారీలో ముందు కూర్చోబెట్టుకుని తీసుకుపోయాను. ఊరు దాటి వస్తే ఊపిరాడుతుందని. మండీలో మూటలు తూసిన తర్వాత హమాలీ ఒకతను సరదాకు దాన్ని కాటా మీద నిలబెట్టాడు. ఇరవై తొమ్మిది కేజీలు.

"ఏమప్పా, శనగలన్నీ ఈ బిడ్డకే పెట్టి, మాకు పొట్టు తెచ్చినావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బిడ్డ మాత్రం కాటా దిగి నాలుగు మెట్లెక్కి నా దగ్గరికి వచ్చేసరికి నోరు తెరిచి రొప్పింది. నా నవ్వు అక్కడే ఆగింది.

తిరిగి వస్తూ జమ్మలమడుగులో ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ గుండె మీద గొట్టం పెట్టి చూసింది, మోకాళ్లు నొక్కి చూసింది.

"రోగమేం లేదు. కానీ ఈ బరువు ఇట్లే పెరిగితే రోగాలు వాటంతట అవే వస్తాయి. తిండి తగ్గించు. దినమూ ఒక గంట పరిగెత్తనీ."

"యాడ పరిగెత్తేదమ్మా? మా ఊర్లో..."

"మీ ఊరు నాకు తెలుసు. అయినా మందు అదే."

ఇంటికి వచ్చి కూర్చుని అర్జీ రాశాను. దినమూ సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు ఇరువైపుల వాళ్లూ మైదానంలోకి మనుషుల్ని పంపకూడదు, మిద్దెల మీద ఎవరూ నిలబడకూడదు, రెండు వీధుల పిల్లలూ ఆడుకోవాలి. అంతే. ఒక్క గంట.

ముందు మా వీధి పెద్ద దగ్గరికే పోయాను. వరసకు నాకు మామ. అరుగు మీద పది మంది ఉన్నారు. చదివించుకుని విన్నాడు.

"ఏందల్లుడా, ఈడ తలకాయలు నిలుపుకునేదానికే మనుషులు చాలకపోతే, నీ బిడ్డ బొజ్జకు కాపలా పెట్టమంటావా?"

పదిమందీ నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది ఎవరో నాకు గుర్తుంది. అతని కొడుకు కూడా అప్పుడు ఇంట్లో కూర్చుని లావెక్కుతున్నవాడే. అదే అర్జీకి నకలు రాసి ఆ వీధి పెద్దకు, రెండు వీధులకూ పోయి వచ్చే చాకలాయనతో పంపాను. చేరిందని చాకలాయన చెప్పాడు. జవాబు రాలేదు. ఒక పోలీసు అధికారికి ఇస్తే, చదవకుండానే దాని మీద టీ గ్లాసు పెట్టాడు. పులివెందులలో మా పార్టీ చిన్న నాయకుడొకాయన ఇంటి ముందు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. కాగితాలు తీసుకునే మనిషి నన్ను పైకీ కిందకీ చూశాడు.

"ట్రాన్స్‌ఫరా? కేసా? పింఛనా?"

"పిల్లల ఆట, సార్."

అతని ముందు మూడు కట్టలున్నాయి. మూడింటినీ చూశాడు. నా కాగితం నాకే ఇచ్చేశాడు.

ఇక ఎవరినీ అడగదలచుకోలేదు. ఒకరోజు నాలుగు గంటలకు బిడ్డ చెయ్యి పట్టుకుని మైదానంలోకి నడిచాను. ప్రొద్దుటూరులో కొన్న ఈల ఒకటి జేబులో ఉంది. నా చిన్నప్పుడు డ్రిల్లు మాస్టరు అట్లే ఆడించేవాడు. ఒకసారి ఊదితే పరుగు, రెండుసార్లు ఊదితే కదలకుండా నిలబడాలి. బిడ్డకు ఆ ఆట నడిమింట్లోనే వారం రోజులు నేర్పాను, నోటితోనే కూత వేసి.

మిద్దెల మీద కాపలా ఉండేవాళ్లకు కూడా ఈలలుండేవి. కొత్త మనిషి కనబడితే ఒకటి, అవతలి వీధివాళ్లు మీదికి వస్తుంటే రెండు. మా ఊర్లో పాలు తాగే బిడ్డకు కూడా తెలిసిన సంగతి అది. నాకూ తెలుసు. కానీ ఎన్నడూ కాపలాకు పోనివాణ్ణి, నా చేతిలో ఈల డ్రిల్లు ఈలే అనుకున్నాను.

ఒకటి ఊదాను. బిడ్డ పరిగెత్తింది. జుట్టు ఎగురుతుంటే, రెండేళ్ల తర్వాత మొదటిసారి ఆరుబయట నవ్వుతూ పరిగెత్తింది. మైదానం నడుమకు పోయింది. ఇంకా పోతే ఆ వీధి గోడ దగ్గరికి పోతుందని రెండుసార్లు ఊదాను.

రెండు వీధుల్లోనూ తలుపులు దబదబా మూసుకున్నాయి. మిద్దెల మీదికి మనుషులెక్కారు, ఈవలా ఆవలా. ఎదురు మిద్దె మీద ఒకడి చేతిలో గుడ్డ చుట్టిన ఉండ కనబడింది. నా బిడ్డ నడిమధ్యన, నేర్పినట్లే, కదలకుండా నిలబడి ఉంది.

"రా తల్లీ! పరిగెత్తు!"

"ఈల ఊదు నాయనా!"

ఊదితే ఏమవుతుందో నాకు తెలుసు. ఈల కింద పడేసి, చేతులు రెండూ పైకెత్తి నడిచాను. "బిడ్డ కోసరం ఊదినానప్పా! బిడ్డ కోసరం!" అని అరుస్తూనే ఉన్నాను. నా కేకకు బిడ్డ భయపడింది. నా వైపు పరుగందుకుంది. పది అడుగులు రాగానే ఊపిరి అందక మట్టిలో కూలబడింది. పెదాలు నల్లబడ్డాయి. నేను పోయి ఎత్తుకున్నాను. ఇరవై తొమ్మిది కేజీలు ఎంతో ఆరోజు తెలిసింది. వీపు వాళ్లకు పెట్టి నడిచి వచ్చాను. వెనక నుంచి ఒక గొంతు, "బిడ్డను అడ్డం పెట్టుకుని వచ్చినాడు రా, చూడండి" అంది.

ఎవరూ ఏమీ విసరలేదు. కానీ ఆ మాట విసిరారు. ఇప్పటికీ తగిలే ఉంది.

వెంటనే మా పెద్ద పిలిపించాడు. "నీ ఈలతో ఊరు తగలబడిపోయేది. తెలుసా?"

"తెలుసు మామా. ఈల తప్పు. కాళ్లు పట్టుకుంటా. బిడ్డ పరిగెత్తడం మాత్రం తప్పు కాదు. ఆ గంట సంగతి చెప్పు."

"చూస్తాంలే, పో."

చూడలేదు. బిడ్డను నందికొట్కూరులో మా అక్క ఇంట్లో పెట్టి చదివించాను. అప్పటికి ఆలస్యమైంది. అక్కడి పిల్లల ఆటల్లో దానికి పరుగు రాలేదు. గట్టు మీద కూర్చుని వాళ్ల చెప్పులకు కాపలా కాసేది. ఇప్పుడు ముప్పై దాటిన మనిషి. మెట్ల దగ్గర ఆగి, గోడ పట్టుకుని, నేను చూడటం లేదనుకుని ఊపిరి తీసుకుంటుంది. "వదిలెయ్ నాయనా, ఎప్పటి సంగతో" అంటుంది. నేను వదలను.

ఊరు రాజీ అయింది. పెద్దలిద్దరూ ఒకే పార్టీలోకి వచ్చారు. ఒకరి ఇంటి పెళ్లికి ఒకరు పోతున్నారు. రాజీ కాగితంలో పొలాలున్నాయి, దారులున్నాయి, కేసులున్నాయి. పిల్లలు ఇంట్లో కూర్చున్న రెండేళ్ల గురించి ఒక్క వాక్యం లేదు. నేను చదివి చూసే చెబుతున్నాను.

ఇద్దరూ బతికే ఉన్నారు. నా అర్జీ ఇద్దరికీ అందింది. నేను అడిగింది మీ పొలం కాదు, మీ పగ మానమని కూడా కాదు. దినానికి ఒక గంట. ఆ గంట ఎందుకివ్వలేదు? మామా, నువ్వు చెప్పినా సరే, ఆ వీధి పెద్దాయన చెప్పినా సరే. ఈసారి నా ముఖం చూసి కాదు, నా కూతురి ముందు కూర్చుని జవాబు చెప్పండి.