ఇప్పచెట్టు మీద వేలాడే కొమ్మ

ఎర్రయ్య నడుముకి తాడు బిగించుకుంటున్నాడు. ముడి వేసి లాగి చూశాడు. మళ్ళీ విప్పాడు. మళ్ళీ వేశాడు.

"ఏటి మావా, ముడెయ్యడం ఇప్పుడు నేర్సుకుంతన్నావా?" అంది సౌభాగ్య.

"నోరు ముయ్యే," అన్నాడు గానీ గొంతులో పస లేదు. చెమట పట్టిన చేతులు భార్య కంట పడకుండా లుంగీకి తుడుచుకున్నాడు.

ఎర్రయ్య తండ్రి బొబ్బిలి వైపు నుంచి బిలాస్‌పూర్ వచ్చి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేశాడు. కొడుక్కి ఆ ఉద్యోగం రాలేదు. కాంట్రాక్టరు కింద, లైను పక్కన కరెంటు తీగల మీదికి వాలే కొమ్మలు కొట్టే పని దొరికింది. ఎవరూ నేర్పలేదు. ఎక్కుతూ, జారుతూ, చెట్టుని చూసే నేర్చుకున్నాడు. పెళ్ళయ్యాక సౌభాగ్య కూడా ఆ పనిలోకే వచ్చి కింద తాడు పట్టేది. కొట్టిన కొమ్మ లైను వైపు పడకూడదు, తాడు పట్టే మనిషి లైను వైపే ఉండాలి. ఆ పనికి అదే వేదం. రైలొస్తుంటే పైనున్నవాడికే ముందు కనబడుతుంది గనక, ఊదే ఈల ఎర్రయ్య మెడలో ఉండేది. వాళ్ళు దాన్ని సీటీ అంటారు. సీటీ మోగిందా, చేతిలో ఏమున్నా వదిలేసి పట్టాలకి దూరంగా పరుగెత్తాలి. పని మానేశాక కూడా దాన్ని మెడలోంచి తియ్యలేదు.

పని మానింది భయంతోనే. మొన్నటి వానల్లో రైల్వే కాలనీలో వేపచెట్టు మీంచి జారిపడ్డాడు. కాలు అతికింది, గుండె అతకలేదు. డాబా మెట్లెక్కినా కళ్ళు తిరుగుతాయి.

అలాంటివాడిని మళ్ళీ చెట్టు కిందికి తెచ్చింది రాజశ్రీ. బిలాస్‌పూర్‌లోనే, కుదుదండ్ పేటలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, ఇప్పుడు కార్పొరేషన్‌లో ఇంజనీరు. బిల్హా వెళ్ళే పట్టాలకి కాస్త ఎడంగా, ఒక కుటుంబం చేతిలో పాత అడవి ముక్క ఉండిపోయింది. అది ప్లాట్లు వేసేవాళ్ళ పాలు కాకుండా, ఊరికి ఆ నీడ మిగలాలని కార్పొరేషనే కొంటోంది. సాయంత్రం అప్పగింత. రేపట్నుంచి జనం నడవబోయే బాట పక్కనే పెద్ద ఇప్పచెట్టు. గాలివానకి సగం విరిగిన కొమ్మ ఒకటి దాని మీద వేలాడుతోంది. సాయంత్రానికి కొమ్మ దిగకపోతే చెట్టునే మొదలంటా కొట్టించమని పైవాళ్ళ మాట.

"క్రేన్ లోపలికి రాదు బాబాయ్. దానికి దారి చెయ్యాలంటే ఇంకా చెట్లు కొట్టాలి. ఫిర్ ఈ అడవి కొనడం దేనికి?" అంది రాజశ్రీ. "డర్ ఉంటే వద్దులే, సచ్ చెప్తున్నా."

"నాకేటమ్మా బయం?" అన్నాడు ఎర్రయ్య.

సౌభాగ్య ఫక్కున నవ్వింది.

ఎక్కుతుంటే చెమట కళ్ళలోకి కారింది. కాలు పెట్టబోయే ప్రతి కొమ్మనీ ముందు చేత్తో తట్టి చూశాడు. కిందికి మాత్రం చూడలేదు. చూస్తే వేపచెట్టు కింది నేలే కనబడుతుందని భయం. విరిగిన కొమ్మకి తాడు కట్టి, రెండో కొసని పై పంగ మీదుగా కిందికి వదిలాడు.

"పట్టినావేటే?"

"పట్టినాన్లే. పక్క సెట్టుకి మెలేసినాను కూడా."

కొమ్మ బాట మీద పడకూడదు. అవతలి వైపు పడాలి. అలా అనుకుని, ముందు కింది నుంచి గాటు పెట్టాడు. అది పెట్టకపోతే ఊడే కొమ్మ మాను బెరడుని కూడా చీల్చుకుపోతుంది. ఆ పుండు మానదు. తర్వాత పైనుంచి కోత మొదలుపెట్టాడు.

ఉన్నట్టుండి రంపం మెత్తగా దిగిపోయింది. పొట్టు నల్లగా రాలింది. లోపలంతా పుచ్చు. కొమ్మ కిర్రుమంది. తాడు కట్టిన చోటా పుచ్చే, ఇక అది తాడుకి ఆగదు.

అప్పుడు కిందికి చూశాడు.

సౌభాగ్య ఎర్రచీర బాట వైపు లేదు. కొమ్మ పడబోయే చోటే ఉంది. ఆ వైపు చెట్లకి ఆవల రైలుపట్టాలున్నాయి. ఆవిడకి లైనంటే అదే. ఆయన బాటని లైను అనుకున్నాడు, ఆవిడ లైనునే లైను అనుకుంది. ఇన్నేళ్ళలో ఏ వైపు నిలబడాలో ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. పట్టాలే చెప్పేవి.

కేక వెయ్యబోయి ఆగాడు. పిలిస్తే కదలదు. తలెత్తి "ఏటి?" అంటుంది.

సీటీ నోట్లో పెట్టుకున్నాడు. ఎండిన పెదాల్లోంచి మొదట గాలే వచ్చింది. మళ్ళీ ఊదాడు. మోగింది.

సౌభాగ్య తాడు వదిలేసింది. తలెత్తలేదు, ఆలోచించలేదు. పట్టాలకి దూరంగా, చెట్టు మొదలు దాటుకుని బాట మీదికి పరుగెత్తింది. వెనక కొమ్మ కూలి నేల అదిరింది. ఎర్రయ్య కళ్ళు మూసుకుని మానుని రెండు చేతులా కావిలించుకున్నాడు.

"రైలేదీ?" అని వినబడింది కింద నుంచి.

కళ్ళు తెరిచాడు. సౌభాగ్య రొప్పుతూ పట్టాల వైపు చూస్తోంది. తర్వాత తను నిలబడిన చోటు చూసింది. "ఓలమ్మో" అని బాట మీదే కూలబడింది.

"పిన్నీ!" అంటూ రాజశ్రీ పరుగెత్తుకొచ్చింది. "బాబాయ్, బస్, దిగిపో!"

"మోడు మిగిలిందమ్మా. ఇలగే ఒగ్గేస్తే నీళ్ళు దిగి మాను పుచ్చిపోతాది."

మోడుని కొమ్మ మెడ దగ్గర, అది మానుతో కలిసేచోట, సాపుగా కోసి, అరచేత్తో తడిమి చూసుకుని దిగాడు. వెళ్ళి భార్య పక్కన కూర్చున్నాడు. ఆవిడ ఆయన మెడలో సీటీని వేళ్ళతో పట్టుకుంది.

"తుప్పు పట్టింది, పారీమని ఎన్నిసార్లు పోరినానో," అంది.

"పారీమంతావా?"

"నోరు ముయ్యి మావా," అంటూనే ఏడ్చేసింది.

కాసేపటికి లేచారు. ఇద్దరూ కలిసి కొమ్మని ముక్కలు కోసి, బాటకి అడ్డం లేకుండా పేర్చారు. ఆకులు ఊడ్చారు. ఎండ వాలుతుండగా ఎర్రయ్య రాజశ్రీని పిలిచాడు.

"నా మాట కాదమ్మా. సెట్టు కిందకెల్లి నివ్వే సూసుకో."

రాజశ్రీ ఇప్పచెట్టు కింద నిలబడి తలెత్తింది. చెట్టు చుట్టూ తిరిగి మళ్ళీ చూసింది. పైన వేలాడేదేమీ లేదు.

"ఠీక్ ఉంది బాబాయ్. తీసుకుంటున్నా," అంది.

ఎర్రయ్య తాడు చుట్ట భుజాన వేసుకున్నాడు.