మా అవ్వ దంచిన గచ్చు

దయ్యాలు లేవు. ఈ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. నేను బొంబాయి కామాఠీపురలో, కూలోళ్ల గదుల వరసల చాల్‌లో పుట్టి పెరిగినదాన్ని. పదడుగుల గదిలో ఎనిమిది మందిమి పడుకునేవాళ్లం. పాపం, దయ్యం వచ్చినా కాలు పెట్టడానికి దానికి చోటుండేది కాదు. గల్లీలో ఎవరికైనా గాలి సోకిందని నిమ్మకాయలు తిప్పుతుంటే, నేను గంజి కాచి తీసుకెళ్లి తాగించి వచ్చేదాన్ని. తెల్లారేసరికి లేచి కూర్చునేవారు.

కాబట్టి ఇది దయ్యం కథ కాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. నమ్మమని ఎవరి కాళ్లూ పట్టుకోను. నేను మున్సిపాలిటీ తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. నా రాతలో తప్పులుంటే ఉండవచ్చు గానీ జ్ఞాపకంలో ఉండవు.

మా అమ్మను కన్న తల్లిని మేమంతా అవ్వ అనేవాళ్లం. పాలమూరు నుంచి చిన్నతనంలోనే బొంబాయికి కూలికి వచ్చింది. అమ్మ పోయాక నా దగ్గరే ఉండేది. నేను చెప్పే రోజులకు ఆమెకు ఎనభై దాటాయి. అంతకు నాలుగేళ్ల ముందు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. అన్నం నేనే తినిపించేదాన్ని. మున్సిపాలిటీ ఆసుపత్రి డాక్టరు ఆ చేతిని సూదితో గుచ్చి చూసి, ఇక ఇది లేవదని నా ముందే చెప్పాడు.

చెయ్యి పడిపోయింది గానీ నోరు పడిపోలేదు. ఫోర్ట్ పేటలో ఉన్న ఒక పెద్ద రాతి కట్టడానికి మేడ మీది గచ్చు తానే దంచానని రోజూ చెప్పేది. మగవాళ్లు సున్నం, ఇటుక ముక్కలు కలిపి పరిస్తే, ఆడవాళ్లు ఎదురెదురు వరసల్లో కూర్చుని, బెల్లం, కరక్కాయ నీళ్లు చల్లుతూ చిన్న చెక్కలతో దంచాలి. ఒకతె పాట ఎత్తుకుంటుంది. మిగతావాళ్లు "ఓ చెల్లెలా" అన్నప్పుడల్లా రెండు దెబ్బలు వేస్తారు. పరిచిన సున్నం అయిపోయేదాకా పాట ఆగకూడదు. ఆగితే చేతులు ఆగుతాయి, ఆగిన చోట సున్నం బిగుసుకుంటుంది, అక్కడ అతుకు పడుతుంది. ఆ అతుకులోంచి ఎన్నేళ్లయినా వాన నీళ్లు దిగుతాయి. ఇది వాళ్ల పని కట్టుబాటు.

ఆ మేడ మీద పాట ఎత్తేది మా అవ్వే. ఒకరోజు ఎదురు వరసలో సాయమ్మకు నొప్పులు వచ్చాయట. అవ్వ పాట వదిలి, చెక్క పారేసి, మెట్ల మీదనే ఆమెకు పురుడు పోసింది. తిరిగి వచ్చేసరికి సున్నం బిగుసుకుంది. ఆ మెట్ల మీద పుట్టిన పిల్లే నా స్నేహితురాలు బాలమణి తల్లి.

"బిడ్డ దక్కింది, గచ్చు పోయింది," అనేది అవ్వ. "ఉత్తరం మూల, రెండో కిటికీ నెత్తి మీద. గాడ కారుతుంటది. నా పేరు మీద కారుతుంటది."

చాల్‌లో అందరూ నవ్వేవారు. "బొంబాయి మొత్తం ముసల్దే కట్టింది, సముద్రం గూడ ఈమెనే తవ్వింది," అని బాలమణే అనేది. నిజం చెప్పాలంటే, నేనూ నమ్మలేదు.

ఆ ఏడు చలికాలంలో ఫోర్ట్ వైపు కళల పండుగ పెట్టారు. అవ్వ చెప్పే కట్టడంతో సహా, ఎప్పుడూ మూసి ఉండే పాత కట్టడాలు తెరిచి, లోపల బొమ్మలు పెట్టి, ఎవరైనా వచ్చి చూడవచ్చన్నారు. నేను, బాలమణి, శకుంతల ముగ్గురం చాల్ గదుల ముందు వరండాలో కూర్చుని బీడీలు చుట్టేవాళ్లం. ఒక్కరోజు చేటలు పక్కన పెట్టి తిరిగొద్దాం అనుకున్నాం. అవ్వకు ఈ సంగతి తెలిసి ఎడమ చేత్తో నా కొంగు పట్టుకుంది.

"సత్తీ, నేనింక పోలేను. నువ్వన్న జూసిరాయే. ఇంకా కారుతుందా, ఆరిందా? గంతే."

ఆమె అడిగిన ఒకే ఒక్క కోరిక అది. సరే అన్నాను.

జొన్న రొట్టెలు, పల్లీల కారం మూట కట్టుకుని ఫాక్‌లాండ్ రోడ్డు మీద బస్సెక్కాం. శకుంతల కొత్త చీర కట్టింది. దారంతా బాలమణి ఆమెను ఏడిపిస్తూనే ఉంది, "బొమ్మలు జూడ వోతున్నవా, బొమ్మల్ల నిలవడ వోతున్నవా?" అని. ముందు రోడ్డు పక్కన రంగులు వేసేవాళ్లనీ డోళ్లవాళ్లనీ చూసి, పదకొండుకు కొంచెం ముందు ఆ కట్టడం పై అంతస్తు హాల్లోకి ఎక్కాం.

రెండో కిటికీ పైన, ఉత్తరం మూల, కప్పుకు అడ్డంగా గోధుమ రంగు గీత. పెచ్చులూడి, చెమ్మ పట్టి ఉంది. సరిగ్గా అవ్వ చెప్పిన చోట. కింద ఒక బకెట్టు కూడా ఉంది. వాచ్‌మన్ వానాకాలంలో పెట్టినది, తీయడం మరిచిపోయాడట. బాలమణి చెంగు నోట్లో కుక్కుకుంది.

అక్కడ జనానికి వివరం చెబుతున్న ఒక యువకుడు ఉన్నాడు, కళ్లద్దాలు పెట్టుకుని. కట్టించిన దొర పేరు చెప్పాడు, నక్షా గీసినవాడి పేరు చెప్పాడు. తర్వాత ఆ గీత చూపించి, "యే మజ్దూరోంకీ లాపర్వాహీ హై," అన్నాడు. కూలోళ్ల అజాగ్రత్తట!

నాకు ఒళ్లు మండింది. అజాగ్రత్త కాదు, ఆ రోజు ఒక బిడ్డ పుట్టింది అని నాకు వచ్చిన హిందీలో చెప్పాను. బాలమణి ముందుకొచ్చి, ఆ బిడ్డ మా అమ్మ అంది. కొందరు నవ్వారు. అతను మర్యాదగానే అడిగాడు, ఎక్కడి నుంచి వచ్చారు అని. శకుంతల గబగబా "గ్రాంట్ రోడ్" అంది. నేను గట్టిగా "కామాఠీపుర" అన్నాను. ఆ పేరు వినగానే నా పక్కనున్న ఆవిడ తన కూతురి చెయ్యి పట్టి అటు లాక్కుంది.

ఎవరికి భయపడాలి? మా పేట పేరు చెబితే ఊరికి ఒళ్లమ్ముకునే సందులే గుర్తొస్తాయని మాకు తెలియదా? ఈ కట్టడాలు లేపిన తెలుగు కూలీల, కామాఠీల పేరే ఆ పేటకు పెట్టారు. ఆ కప్పు కిందే నిలబడి మమ్మల్ని చూసి జరుగుతారా? అప్పుడే అవ్వ నేర్పిన గచ్చు పాట ఎత్తుకున్నాను.

సున్నమేమో తెల్లన ఓ చెల్లెలా
సూరీడేమో నెత్తిన ఓ చెల్లెలా

మొదటి "ఓ చెల్లెలా" అనగానే పైనుంచి రెండు దెబ్బలు వినబడ్డాయి. టక్, టక్. మళ్లీ అన్నాను. మళ్లీ రెండు. బాలమణి నా చెయ్యి పట్టుకుంది. నేనొక్కదాన్నే విన్నానంటే మీరు నవ్వవచ్చు. హాల్లో ఇరవై మంది దాకా ఉన్నారు, అందరూ తల ఎత్తి చూశారు.

ఆ యువకుడు "బంద్ కరో" అని అరిచాడు. ఆ అరుపుకు ఒక చరణం పాటు నా గొంతు ఆగిపోయింది. పైన దెబ్బలు ఆగలేదు. నేను వదిలేసిన చరణానికి కూడా సరిగ్గా ఎక్కడ పడాలో అక్కడే పడ్డాయి. అప్పుడు అవ్వ చెప్పిన కట్టుబాటు గుర్తొచ్చింది. నేను మళ్లీ అందుకున్నాను. బాలమణి "ఓ చెల్లెలా" అందుకుంది. చివరికి శకుంతల కూడా, కొత్త చీర చెంగు నడుముకు దోపి.

వాచ్‌మన్ తాళంచెవి తీసుకుని పైకి వెళ్లాడు. తాళం తుప్పు పట్టి ఉందట, తీయడానికే చాలాసేపు పట్టింది. అతను పైన నిలబడి ఉన్నప్పుడు కూడా కింద మేం దెబ్బలు వింటూనే ఉన్నాం. దిగొచ్చి, పైన ఎవరూ లేరు, పావురాలు తప్ప, నాకైతే ఏ చప్పుడూ వినబడలేదు అన్నాడు.

గోడ గడియారం పన్నెండు కొట్టేదాకా పాడాం. దెబ్బలు వాటంతటవే ఆగాయి. అప్పుడే నేనూ ఆపాను. ఆ యువకుడు మమ్మల్ని పొమ్మనలేదు. మళ్లీ ఆ గీత గురించి అజాగ్రత్త అనే మాట అనలేదు కూడా.

ఇంటికొచ్చేసరికి కింది గదిలో ఉండే మరాఠీ పిన్ని, మేం మావుషి అంటాం, మెట్ల దగ్గరే కాపు కాసి ఉంది. ఆమె కోపం చూడాలి!

"కాయ్ గ సత్తీ! మీ ముసలమ్మకు పిచ్చి లేసిందా? నా పప్పు గిన్నెలో సున్నం పెచ్చులు రాలినాయి!"

పదకొండు గంటలకు పైనుంచి దడదడ మొదలైందట. ఆమె పైకి వెళ్లి చూస్తే, అవ్వ నేల మీద కూర్చుని బట్టలు ఉతికే చెక్కతో గచ్చు దంచుతోందట. ఎంత పిలిచినా తల తిప్పలేదట. పన్నెండుకు తానే ఆపి పడుకుందట. ఏ చేత్తో అని అడిగాను. మావుషి తన కుడి చెయ్యి ఎత్తి చూపింది. అలా ఎత్తాక ఆమెకే సంగతి తట్టి, లోపలికి వెళ్లిపోయింది.

అవ్వ నిద్రపోతోంది. కుడి చెయ్యి ఎప్పటిలాగే పక్కన పడి ఉంది. అరచెయ్యి తిప్పి చూశాను. నాలుగేళ్లుగా ఏదీ పట్టుకోని ఆ చేతిలో, బొటనవేలి మొదట్లో, పచ్చి బొబ్బ. నేను తాకగానే కళ్లు తెరిచింది.

"నడుమల ఎందుకాగినవే? నేనుంటి గాబట్టి సరిపాయె. లేకుంటే మల్ల అతుకు పడుతుండె."

అప్పటికి నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. బాలమణి, శకుంతల నా వెనకే ఉన్నారు. వాళ్లూ చెప్పలేదు.

ఆ చెయ్యి మళ్లీ లేవలేదు. వానలు బాగా పడ్డాక, ఆషాఢంలో, నేనూ బాలమణీ తడుస్తూ ఫోర్ట్ వెళ్లాం. వాచ్‌మన్ మమ్మల్ని చూడగానే గుర్తుపట్టి, ఏమీ అడగకుండా పైకి తీసుకెళ్లాడు. బయట కుండపోత. కప్పు మీద గీత మరక అలాగే ఉంది గానీ పొడిగా ఉంది. బకెట్టు మూలన బోర్లించి ఉంది. రిపేరు చేశారా అని అడిగితే, ఎవరూ మేడ ఎక్కలేదు, తాళంచెవి నా దగ్గరే ఉంది అన్నాడు.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను, ఆరిపోయింది అవ్వా అని. ఆమెకేమీ ఆశ్చర్యం కలగలేదు.

"ఆరదా మరి? గంటసేపు దంచితిమి గద," అని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఈ సంగతి విన్నవాళ్లు నాకు చాలా చెప్పారు. పావురాలన్నారు, పక్క వీధి డోళ్లన్నారు. ముసలమ్మకు నరం ఒక్కరోజు పనిచేసి ఉంటుందన్నారు. సరే, పనిచేసింది. మరి మా చాల్ గదిలో వేసిన దెబ్బ ఫోర్ట్‌లో మేడ మీద ఎలా పడింది? నేను ఒక చరణం ఆపిన సంగతి ఆమెకెవరు చెప్పారు? అన్నేళ్లు కారిన కప్పు ఎలా ఆరింది? చదువుకున్నవాళ్లు చెప్పండి, వింటాను. నాకైతే తెలియదు. ఇన్నేళ్లు తిప్పి తిప్పి ఆలోచించినా తెలియలేదు.

ఆ గచ్చు ఎవరు దంచారో మాత్రం తెలుసు. కట్టించినవాళ్ల పేర్లు చెక్కిన అక్కడి రాతి పలక మీద ఆ పేరు లేదు. నేను పోయినప్పుడల్లా పలక ముందు నిలబడి, అందరికీ వినబడేలా ఆ పేరు చెప్పి వస్తాను: పాలమూరు ఎల్లమ్మ.