దండెం మీద పరదా

మా వీధిలో పరదాలు కుట్టే ఆవిడను అందరం పరదాలక్క అంటాం. భర్త బస్సు డ్రైవరు. అత్తగారికి చెముడు, గొంతు మాత్రం మూడిళ్ల అవతలికి వినిపిస్తుంది. అత్తాకోడళ్లకు క్షణం పడదు, ఒకరు లేకపోతే ఇంకొకరికి ముద్ద దిగదు.

పనిలో అక్కది ఒకటే పట్టు. పరదా నేలను తాకాలి. కొలత ఎవరు చెప్పినా బెత్తెడు కలుపుతుంది. దుమ్ము పడుతుందని జనం మొత్తుకుంటే, కింద సందు కనిపిస్తే అది పరదా కాదు, పొట్టి లాగు అంటుంది.

ఆ మధ్యాహ్నం నాటకాల హాలు కోసం కుట్టిన ముదురాకుపచ్చ పరదాకు కొక్కేలు వేస్తూ కిటికీలోంచి పెరట్లోకి చూసింది. దండేనికి ఇవతల మంచం మీద అత్తగారు గురక పెడుతోంది. అవతల నీళ్ల డ్రమ్ము పక్కన చిరుత పడుకుని ఉంది. ఇంటి వెనక గుట్ట మీంచి వచ్చి గోడ దూకినట్టుంది. దాని చూపు మంచం మీదే ఉంది.

లేపితే అత్తగారు అరుస్తుంది. అక్క, వీధి చివర టీకొట్టులో ఉన్న భర్తకు ఫోన్ చేసి గుసగుసగా చెప్పింది. గుట్ట వైపున్న, గడియ వేయని పెరటి తలుపుకు బయట తాడు కట్టి, పక్కింటి డాబా ఎక్కి, పరదా మొత్తం పరుచుకున్నాక లాగమంది. అటవీశాఖ వాళ్లొచ్చేదాకా ఆగుదామన్నాడు.

"మీ అమ్మ ఆగుతుందా?" అంది. అతను తాడు కోసం పరుగెత్తాడు.

వీధికుక్కలు పరదా ఉన్న వాకిట్లోకి దూరకపోవడం ఆమె చూసింది. కింద సందుంటేనే మూతి పెడతాయి. చిరుతకు ఆ సంగతి తెలుసో లేదో మరి. బరువైన పరదా భుజాన వేసుకుని బయటికొచ్చింది. చిరుత పళ్లు చూపించింది. ఆమె పరుగెత్తలేదు, కళ్లు దించి ఒక కొక్కెం తగిలించింది. పక్కకు జరిగి ఇంకొకటి. ఒకటి తప్పింది, మళ్లీ తగిలించింది. చిరుత చూపుకు మొదట మంచం తలవైపు మరుగైంది, తర్వాత నడుము, తర్వాత కాళ్లు. చివరి కొక్కెం పడేసరికి దాని ముందు ఆకుపచ్చ గోడ తప్ప ఏమీ లేదు. అంచు నేల మీద పడి ఉంది.

పెరటి తలుపు కిర్రుమంది.

చిరుత లేచి పరదా దాకా వచ్చింది. దాని ఊపిరికి గుడ్డ కదిలింది. అంచు పొడుగునా వాసన చూసుకుంటూ నడిచి, తెరిచిన తలుపు కనబడగానే ఒక్క ఉదుటున బయటపడింది. డాబా మీంచి భర్త, గుట్టెక్కిపోయిందని చెయ్యి ఊపాడు. అక్క అప్పుడు వెళ్లి పెరటి తలుపు మూసొచ్చింది.

అత్తగారు కళ్లు తెరిచింది. "ఏమే, దండెం మీద ఇదేంటి?"

"చిరుత వచ్చింది అత్తయ్యా. వెళ్లిపోయింది." రెండోసారి చెవిలో చెప్పాల్సి వచ్చింది.

"నన్నెందుకు లేపలేదే?"

"దాంతో కూడా గొడవ పెట్టుకుంటారని."

ముసలావిడ పరదా అంచు తప్పించి డ్రమ్ము పక్కన బురదలో పంజా అడుగుల్ని చూసింది. తర్వాత కోడలి చెయ్యి పట్టుకుంది. లేవడానికేమో అనుకుంది అక్క. కానీ ఆవిడ లేవలేదు, చెయ్యీ వదల్లేదు.

సాయంత్రం ఆ పరదాను వీధి మగాళ్లు భుజాల మీద హాలుకు మోసుకెళ్లారు. కర్ర ఊపుకుంటూ ముందు అత్తగారు నడిచింది. "జరగండ్రా, జరగండి! మా కోడలు కుట్టింది!"