నా గడిలో ఎర్ర ఇంటూ

దెయ్యాలు, గాలి సోకడాలు అంటే నాకు మొదట్నుంచీ చిరాకు. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పినదాన్ని. ఇది కూడా నమ్మి రాయడం లేదు, జరిగింది కాబట్టి రాస్తున్నాను.

మాది నందిగామ. జగ్గయ్యపేటలో స్కూలుకి రోజూ బస్సులో వెళ్లేదాన్ని. బెల్లయ్యాక హాజరు పట్టీలో ఎవరి గడి ఖాళీగా ఉంటే అందులో హెడ్మాస్టరు ఎర్ర సిరాతో ఇంటూ కొడతాడు. చివరి రోజు దాకా నా సర్వీసులో నాకు ఒక్క ఇంటూ పడలేదు. నా గర్వమంతా అదే.

రిటైరయ్యే రోజు స్టాఫ్‌కి మైసూరుపాక్ పట్టుకుని బయల్దేరాను. చిల్లకల్లు దగ్గర బస్సు టైరు పంక్చరైంది. వెళ్లేసరికి ఏడు నిమిషాలు ఆలస్యం, నా గడిలో ఇంటూ. మీటింగుల్లో హెడ్మాస్టరుకి ఎదురు మాట్లాడేది నేనొక్కదాన్నే, ఆ కక్ష అలా తీర్చుకున్నాడు. "రూలంటే రూలేనండి మేడమ్" అన్నాడు. సాయంత్రం అదే చేత్తో శాలువా కప్పాడు. ఇంటికొచ్చి దాన్ని మూలకి విసిరికొట్టాను.

తర్వాత రోజూ ఎనిమిదింటికల్లా తయారై కూర్చునేదాన్ని. వెళ్లడానికి చోటు లేదు. ఆ గడినే తలుచుకుని ఉడికిపోయేదాన్ని.

రెండు వారాలకి ఒక పొద్దున హెడ్మాస్టరు ఫోన్ చేశాడు.

"మేడమ్, ఎక్కడున్నారండీ?"

"ఇంట్లోనేనండి. మీరు చేసింది మా ఇంటి ఫోనుకేగా?"

ఆ ఆదివారం రిజిస్టరు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. కొత్త నెల పేజీలో నా పేరే లేదు. అయినా అట్టడుగు వరుసలో ఒకటో తారీఖు నుంచీ ప్రతి పనిరోజూ నా సంతకం ఉంది, చివర నేను పెట్టే రెండు చుక్కలతో సహా. రిజిస్టరు పెట్టే బీరువా తాళం ఆయన జేబులోనే ఉంటుందట. పొద్దున తీసేసరికి సిరా తడిగా ఉంటోందట. ఫోన్ చేసిన రోజు కూడా అంతేనట.

"ఆ ఇంటూ చెరిపేస్తానండి. నన్నొదిలెయ్యండి మేడమ్" అన్నాడు.

నాకు కావలసింది అదే. కానీ ఆయన అలా బతిమాలుతుంటే కడుపు చల్లబడింది.

"వద్దండి, ఉండనివ్వండి. రోజూ చూసుకోండి" అన్నాను.

దసరా సెలవులు కాగానే ట్రాన్స్‌ఫర్ చేయించుకుని వెళ్లిపోయాడు. ఆ మర్నాటి నుంచి సంతకాలు పడలేదని సైన్సు టీచరు చెప్పింది. ఎవరు పెట్టారో, ఎలా పెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన్ని భయపెట్టినందుకు బాధా లేదు. సంతకాలు ఆగాయని విన్న రోజు మాత్రం ఉద్యోగం రెండోసారి పోయినట్టు ఏడ్చాను.