పోచవ్వ పిలిచిన పేర్లు

నిన్న జగిత్యాలలో మా ఆఫీసు పక్కనున్న బడిలో వార్షికోత్సవానికి పిల్లలకు వేషాలు వేస్తున్నారు. ఎవరో రంగుపొడిని కొబ్బరినూనెలో రంగరిస్తున్నట్టున్నారు, కిటికీలోంచి ఆ వాసన లోపలికి వచ్చింది. కొంచెం తియ్యగా, కొంచెం మట్టిగా ఉండే ఆ వాసన తగలగానే దరఖాస్తు రాస్తున్న నా చేయి ఆగిపోయింది. పోచవ్వ పోయి నాలుగేళ్లవుతోంది. అయినా ఆ వాసన వస్తే ఆమె నా పక్కనే కూర్చున్నట్టు ఉంటుంది.

నేను పుట్టింది సిరిసిల్లలో, మరమగ్గాల చప్పుడు మధ్య. పెళ్లయి కోరుట్లకు వచ్చాక బీడీలు చేయడం నేర్చుకోవలసి వచ్చింది. నేర్పింది పక్కింటి పోచవ్వ. అప్పటికే ఆమెకు అరవై దాటాయి. పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు చుట్టే ఆ మనిషి ఒకప్పుడు బాగోతం మేళంలో మగవేషాలు కట్టేదని నాకు చాలా రోజులు తెలియదు. తెలిశాక ఒకసారి తన పాత రంగుపొడిని కొబ్బరినూనెలో రంగరించి చూపించింది. ఆమెకు పేరు తెచ్చింది రాజు వేషమో మంత్రి వేషమో కాదు, మోసగాడి వేషం. ఆ ఆట కథ బీడీలు చేస్తూ మాకు చెప్పేది. ఒక రాక్షసుడు ఊరివాళ్ల నీడలన్నీ ఎత్తుకుపోయి, ఏడు గోడల కోటలో ఒక పెట్టెలో దాస్తాడు. నీడ లేని మనిషిని ఎవరూ పొలిమేర దాటనివ్వరు. ఇద్దరు మోసగాళ్లు ఆ పెట్టె తెస్తామని బయల్దేరుతారు. ఏడు గోడలూ ఎలా దూకారని నేను అడిగితే పోచవ్వ నవ్వింది.

"దూకుడెందుకు బిడ్డా? నీడలు కొనే షావుకార్లమని కోట బయట డేరా ఏసుకొని కూసుంటరు. పెట్టె ఆ రాక్షసుడే నెత్తి మీద పెట్టుకొని తెస్తడు. ఆశ ఉన్నోని ఇంటికి కన్నం పెట్టే పని లేదు."

మా తమ్ముడు శ్రీను సంగతి వచ్చేదాకా అది నాకు ఉత్త కథే. శ్రీను సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసేవాడు. పని తగ్గిపోయి, గల్ఫ్ పోదామని కోరుట్లలో ఒక ఏజెంటుకు పాస్‌పోర్టు ఇచ్చాడు. ఏడాదిన్నర గడిచినా వీసా రాలేదు, పాస్‌పోర్టూ తిరిగి రాలేదు. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేస్తే, నా దగ్గర ఒక్కటి కూడా లేదు, అన్నీ బొంబాయి పంపించాను అని ఆ ఏజెంటు రాసి సంతకం పెట్టాడు. ఇంతలో జగిత్యాలలో మంచి కంపెనీ ఒకటి ఇంటర్వ్యూలు పెడుతోందని తెలిసింది. పాస్‌పోర్టు చేతిలో ఉన్నవాళ్లనే పిలుస్తారట. వారమే గడువు. శ్రీను మా ఇంటికి వచ్చి ఆ మాట చెప్పి, పళ్లెం ముందు కూర్చుని తినకుండానే లేచాడు. గోడ అవతల నుంచి పోచవ్వ అంతా విన్నది.

"వాని దగ్గర ఎంతమందియి ఉన్నయి?" అని అడిగింది.

"నాకు తెలిసి, నాతోటి కలిపి తొమ్మిదిమందియి" అన్నాడు శ్రీను.

"మిగిలిన ఎనిమిదిమందిని నువ్వు పిలువు. మల్లేశాన్ని నేను పిలుస్త."

మల్లేశం మేళంలో రెండో మోసగాడి వేషం కట్టినవాడు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. పోచవ్వ వేసిన ఎత్తు ప్రకారం అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని ఏజెంటు దగ్గరికి పోవాలి. బొంబాయి దగ్గరి భీవండి నుంచి ఒక సేటమ్మ వచ్చిందని, గల్ఫ్ కంపెనీకి మనుషుల్ని వెతుకుతోందని, రేపు పగలు పన్నెండింటిలోగా పాస్‌పోర్టులు కళ్ల ముందు పెట్టిన ఏజెంటుకే కాంట్రాక్టు ఇస్తుందని చెప్పాలి. సేటమ్మ కూర్చునేది మెట్‌పల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో. వయసులో ఉన్నప్పుడు భీవండిలో కొన్నేళ్లు బతికిన పోచవ్వే సేటమ్మ. ఆమె గుమాస్తాను నేను.

నాకు భయం వేసింది. "ఇది మోసం కాదా పెద్దమ్మా?" అన్నాను.

"మోసమే. దానికి మంచి పేరు పెట్టకు. పేరు మారిస్తే చెయ్యి అలవాటు పడుతది" అంది.

మర్నాడు పోచవ్వ బూడిదరంగు పట్టుచీర కట్టుకుని, కళ్లజోడు పెట్టుకుని కుర్చీలో కూర్చుంటే నేనే గుర్తుపట్టలేకపోయాను. ముఖానికి ఏ రంగూ లేదు. మెడ నిలిపిన తీరు ఒక్కటే మారింది. తొమ్మిదిమందీ పక్కనున్న వంటగదిలో తలుపు వెనక నక్కి ఉన్నారు. పన్నెండు కాకముందే ఏజెంటు సంచి భుజాన వేసుకుని వచ్చాడు. పోచవ్వ అతనితో హిందీలో నాలుగు మాటలు మాట్లాడింది. నేను రిజిస్టరు తెరిచి, నా పాట్లు నేను పడుతున్నాను.

అతను నా వైపు వంగి చూశాడు. "గిదేంది, తెలుగుల రాస్తున్నవు? ఏ ఊరమ్మా మీది?"

నేను రిజిస్టరు మీద చేయి అడ్డం పెట్టాను. పోచవ్వ తల కూడా తిప్పలేదు. "ఈమెను రాయనీకి పెట్టుకున్న, ముచ్చట పెట్టనీకి కాదు. నీకు పని ఉన్నదా, పోతవా?" అంది తెలుగులోనే. ఆ గొంతు విని అతను సర్దుకుని కూర్చున్నాడు. సంచి విప్పి పాస్‌పోర్టులు బల్ల మీద పేర్చాడు.

పోచవ్వకు చదువు రాదు. నేను ఒక్కొక్కటి తెరిచి పేరు మెల్లగా చెబితే, ఆమె ఆ పేరును ఆటలో పిలిచినట్టు గట్టిగా పిలిచింది. మొదటి పేరు మా తమ్ముడిదే. శ్రీను వంటగదిలోంచి వచ్చి, తన పాస్‌పోర్టు తీసుకుని, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తర్వాత ఇంకొకరు. ఏజెంటు లేచి నిలబడ్డాడు.

"ఎవరు మీరు?"

"మేం ఎవలమైతేంది? ఇయన్నీ బొంబాయిల ఉన్నయని స్టేషన్ల రాసిచ్చినవు. మరి గివి నీయి కావు గదా?"

అతను బల్లను చూశాడు, గోడ వారగా నిలబడ్డవాళ్లను చూశాడు. సంచి అక్కడే వదిలేసి మెట్లు దిగిపోయాడు. తొమ్మిది పేర్లూ అయిపోయాయి. బల్ల మీద ఇంకా మూడు పాస్‌పోర్టులు మిగిలాయి. ఆ పేర్లు కూడా పోచవ్వ పిలిచింది. ఎవరూ రాలేదు.

నేనైతే వాటిని పోస్టులో పంపేదాన్ని. పోచవ్వ ఒప్పుకోలేదు. మరుసటి రోజు ఇద్దరమూ బస్సెక్కి గంభీరావుపేటలో రెండు పాస్‌పోర్టులు ఇచ్చాం. వాళ్లు మమ్మల్ని అన్నం తినందే కదలనివ్వలేదు. మూడోది ఎల్లంతకుంటలో రాజేశానిది. అతను తాటిచెట్టు మీద నుంచి పడి కాలు దెబ్బతిన్న గీత కార్మికుడు. మేం జరిగిందంతా చెప్పి పాస్‌పోర్టు చేతికిస్తే, దాన్ని వాకిట్లోకి విసిరేశాడు.

"వచ్చే నెల పంపిస్త అన్నడు నన్ను. కాలు సంగతి తెలిసి గూడ ఒప్పుకున్నది వాడొక్కడే. మిమ్ముల ఎవలు తెమ్మన్నరు?"

వాడు ఎవరినీ పంపేవాడు కాడని నేను చెప్పబోయాను. పోచవ్వ నా చేయి పట్టుకుని ఆపింది. లేచి పోయి పాస్‌పోర్టు తీసి, కొంగుతో దుమ్ము తుడిచి గూట్లో పెట్టింది. సాయంత్రం దాకా అతని ఇంటి అరుగు మీదనే కూర్చున్నాం. అతను తిడుతూనే ఉన్నాడు.

తిరిగి వస్తుంటే బస్సులో అంది: "మా బాగోతంల నీడల పెట్టె దొరకంగనే మంగళం పాడేటోళ్లం బిడ్డా. అటెన్క ఎవల ఇంట్ల ఏమైతదో ఎన్నడు ఆడలే."

శ్రీను ఇంటర్వ్యూలో నెగ్గి గల్ఫ్ వెళ్లాడు, ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాడు. పోచవ్వ బతిమాలి రాజేశాన్ని కూడా ఆ ఇంటర్వ్యూకు తీసుకొచ్చింది. అతని కాలు చూసి వద్దన్నారు. ఆ తర్వాత కూడా, ఓపిక ఉన్నన్నాళ్లూ, నెలకోసారి ఎల్లంతకుంట పోయి వచ్చేది. ఒక రోజు అతను మాట్లాడేవాడు, ఒక రోజు తలుపు వేసుకునేవాడు. ఎందుకు పోతావని అడిగితే, "కోపం ఆయనది. పోవుడు నాది" అనేది. ఆమె చనిపోయినప్పుడు నేనే కబురు పంపాను. రాజేశం రాలేదు.

ఇప్పుడు నేను గల్ఫ్ పేరుతో మోసపోయినవాళ్లకు ఫిర్యాదులు రాసిపెట్టే పని చేస్తున్నాను. పోయిన నెల నేను రాసిన ఒక ఫిర్యాదు మీద కోరుట్లలో వేరే ఒక చిన్న ఏజెంటును అరెస్టు చేశారు. అందులో రాసిన ప్రతి అక్షరమూ నిజం. మళ్లీ రాయమన్నా అలాగే రాస్తాను. కానీ అతనికి భార్య ఉంది, ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు. ఆదివారం నాడు వాళ్లింటికి వెళ్లి, నేనెవరో చెప్పాను. ఆమె నన్ను ఒక్క క్షణం చూసి తలుపు వేసుకుంది. లోపల చిన్నపిల్ల తల్లిని ఏదో అడుగుతోంది. నేను గడప పక్కన చెప్పులు విప్పి కూర్చున్నాను.