తాత పేరు మీద యాసిడ్ సీసా

ఆ రోజుల్లో నిదానమంటే బద్ధకస్తుల జబ్బని నా గట్టి నమ్మకం. అన్నం ఉడికేలోపు మూడుసార్లు మూత తీసి చూసేదాన్ని. నంద్యాలలో బస్సు కదలకముందే ఆళ్లగడ్డ ఎప్పుడొస్తుందని కండక్టరును వేపుకు తినేదాన్ని. టీచరు పరీక్షకు చదువుతున్నాను కాబట్టి లోకంలో నాకు తెలియనిది లేదు కూడా. ఆ వారం చదువుతున్న పాఠం శిలాశైథిల్యం: ఎండకూ వానకూ రాళ్లు పగలడం, చెట్ల వేర్లు బండల్ని చీల్చడం, ఆమ్లం సున్నపురాయిని కరిగించడం. ఇంట్లో కనబడిన ప్రతివాళ్లకూ అప్పజెప్పేదాన్ని. మా నాయన పేపరు అడ్డం పెట్టుకునేవాడు. మా అవ్వ (నాయనను కన్నతల్లి, అక్షరం ముక్క రాదు) మాత్రం, "రాయి అరుగుతాదని చెప్పేదానికి అంత లావు పుస్తకమా?" అంది.

ఈస్టరుకు ముందు మావాళ్లు సమాధులు కడుగుతారు. ఆ ఏడు ఆ పని నా నెత్తిన పడింది. మా తాత సమాధి మీద నాపబండ, దాని మీద పైపైన చెక్కిన ఆయన పేరు. ముప్పై ఏళ్ల వానలకు నల్లగా పాచి కట్టింది. కొబ్బరిపీచుతో పావుగంట రుద్దితే అరచెయ్యంత మేర తెల్లబడింది. ఈ లెక్కన సాయంత్రమవుతుంది. నాకంత ఓపికే ఉంటే ఇంకేం! ఇంటికి పరుగెత్తి, బాత్‌రూం కడిగే యాసిడ్ సీసా తెచ్చి ఒంపేశాను. బండ బుస్సుమని పొంగింది. పాచి వదులుతుంటే నా తెలివికి నేనే మురిసిపోయాను. (నాపరాయంటే సున్నపురాయే. ఆ పొద్దునే ఆ పాఠం మూడోసారి చదివాను.) నీళ్లు కొట్టి చూద్దును కదా, బండ తెల్లగా ఉంది, తాత పేరు లేదు.

ప్రతి ఆదివారం చర్చి నుంచి వస్తూ అవ్వ ఆ బండ దగ్గర కూర్చుని, చదవడం రాదు గనుక, చూపుడువేలితో ఆ పేరు తడుముకునేది. తాతతో ఆమెకు మిగిలిన మాటామంతీ అదొక్కటే. దాన్ని నేను కడిగేశాను. ఈస్టరు ఇంక మూడు రోజుల్లో ఉంది.

నాయనకు చెప్పకుండా ఆళ్లగడ్డ వెళ్లి, విగ్రహాలు చెక్కే ఒక పెద్దమేస్త్రీ కాళ్లావేళ్లా పడ్డాను. శనివారం వచ్చాడు. వచ్చి బండ చుట్టూ తిరిగి, ఉలి కింద పెట్టి, టీ అడిగాడు.

"నాపరాయికి యాసిడ్ పోసినావా? ఇంట్లో బండ మీద చింతపులుసు పడితేనే మచ్చ పడ్తాదే! ఏం చదువుతాండావమ్మా?"

"టీచరు పరీక్షకు."

"రాళ్ల పాఠం ఉండాదా దాంట్లో?"

ఫోనులో సమాధి పాత ఫొటో చూపించి, "తొందరగా కానీయన్నా" అన్నాను.

"ఉరికితే ఉలి జారుతాది. ఆడ కూచో."

కూర్చుంటే కదా! ఆయన ఒక్క అక్షరం చెక్కేలోపు నేను సమాధుల మధ్య పది చుట్లు తిరిగాను. పొద్దుగూకేవేళకు పేరు అచ్చం మునుపటి చోటే కుదిరింది. బతికిపోయాననుకున్నాను.

ఈస్టరు పొద్దున అవ్వ ఎప్పటిలాగే కూర్చుంది. వేలు మొదటి అక్షరం మీదే ఆగిపోయింది.

"ఎవురిదే ఈ పేరు?"

"తాతదే కదవ్వా!"

"కాదు. ఇది గుచ్చుకుంటాండాది. మీ తాత పేరు నున్నగా ఉండేది. ముప్పై ఏండ్లు నేను అరగదీసిన పేరు అది."

రాళ్లను అరగదీసేవన్నీ నాకు కంఠతా వచ్చు. ఆ వరసలో అవ్వ వేలు లేదు. భోరున ఏడ్చి జరిగిందంతా చెప్పేశాను. నాయన చెయ్యెత్తాడు. అవ్వ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. నా ఏడుపు చూసి ఆమెకే నవ్వొచ్చింది. "ఊరుకోవే. మళ్లా మొదట్నించి అరగదీస్తా. నువ్వూ ఒక చెయ్యి ఎయ్యి" అంటూ నా వేలు లాగి అక్షరం మీద పెట్టింది.

నాలుగేళ్లు ఇద్దరం కలిసి రుద్దాం. ఇప్పుడు అదే బండ మీద తాత పేరు కింద అవ్వ పేరుంది. అదే మేస్త్రీ చెక్కాడు. ఆ రోజు నేను కదలకుండా కూర్చున్నాను. టీచరునయ్యాక రాళ్ల పాఠంలో యాసిడ్ కథ చెబితే పిల్లలు పడీపడీ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఆదివారాలు మాత్రం వెళ్లి రెండు పేర్లూ తడిమి వస్తాను. తాత పేరు కాస్త నున్నబడింది. అవ్వ పేరు ఇంకా గుచ్చుకుంటోంది. అది నున్నబడేసరికి నేనూ ముసలిదాన్నవుతాను. అయితే కానీ.